తక్కువ మెమరీ, ఎక్కువ ఆయుష్షు

పాత కంప్యూటర్లను చిట్టి ఆపరేటింగ్ సిస్టమ్‌లు మళ్లీ పనిలో పెడుతున్నాయి. కానీ వాటి ముందూ ఒక తలుపు మూసుకుంటోంది

మూలన పడ్డ కంప్యూటర్లన్నీ చెడిపోయినవి కావు. చాలావాటిని అక్కడికి నెట్టింది కొత్త సాఫ్ట్‌వేరే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 ఎంబీ మెమరీ ఉంటే చాలు. 2021 నాటి విండోస్ 11కు 4 జీబీ ఉండాల్సిందే. 20 ఏళ్లలో ఆకలి 64 రెట్లు పెరిగిందన్నమాట. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగించింది. దాంతో, 11కు సరిపోని యంత్రాలున్న వారికి మళ్లీ పాత ప్రశ్నే ఎదురైంది: కొత్తది కొనాలా, ఉన్నదాన్నే నడిపించాలా?

నడిపించాలనుకునే వారికి లినక్స్ కుటుంబంలో కొన్ని చిట్టి సిస్టమ్‌లున్నాయి. రాబర్ట్ షింగిల్‌డెకర్ ప్రారంభించిన టైనీ కోర్ పరిమాణం మెనూలు, విండోలతో కలిపి సుమారు 23 ఎంబీ. ఐదారు ఎంపీ3 పాటలు పట్టేంత చోటు. 46 ఎంబీ మెమరీ ఉన్నా అది మొదలవుతుంది. 128 ఎంబీ ఉంటే సాఫీగా నడుస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కాలర్ 2003లో మొదలుపెట్టిన పప్పీ లినక్స్ కాస్త పెద్దది. రాతకోతలకు, లెక్కలకు కావలసిన ప్రోగ్రామ్‌లు అందులోనే ఉంటాయి.

కిటుకంతా మెమరీలోనే ఉంది. పాత కంప్యూటర్‌లో బాగా నెమ్మదించే భాగం హార్డ్‌డిస్క్. ఈ సిస్టమ్‌లు సీడీ నుంచో, పెన్‌డ్రైవ్ నుంచో నేరుగా మెమరీలోకి ఎక్కి అక్కడే పనిచేస్తాయి. టైనీ కోర్ అయితే ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది. దాచమని చెప్పినవే మిగులుతాయి.

చిక్కు ఇంటర్నెట్‌తోనే. సిస్టమ్ ఎంత పొదుపరి అయినా, నేటి వెబ్‌సైట్ ఒక్కటి తెరిస్తే బ్రౌజర్ వందల ఎంబీలు మింగేస్తుంది. టైనీ కోర్‌లో తెలుగు చదవాలంటే ఫాంట్‌ను విడిగా చేర్చుకోవాలి. అంతకంటే పెద్ద బెడద 32-బిట్ ప్రాసెసర్లకు వచ్చింది. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. నవంబర్‌లో వచ్చిన 145వ వెర్షన్‌తో ఫైర్‌ఫాక్స్ కూడా 32-బిట్ లినక్స్‌ను వదిలేసింది.

రెండు జీబీల మెమరీ ఉన్న 64-బిట్ యంత్రానికి ఈ బెంగ లేదు. తేలికపాటి లినక్స్ వేసి, తాజా బ్రౌజర్‌తో ఇంకొన్నేళ్లు వాడుకోవచ్చు. అంతకంటే పాతదానికి దుకాణం లెక్కలు, టైపింగ్ సాధన, ప్రోగ్రామింగ్ పాఠాలు ఇప్పటికీ చేతనవుతాయి. బ్యాంకు పాస్‌వర్డ్‌ను మాత్రం దాని చేతికివ్వకపోవడమే మంచిది.