భూమార్గ దూరయాత్రకు వాహనం ఎంపిక

భూమార్గ దూరయాత్ర అనగా సొంత వాహనంలో నేల మీదుగా అనేక దేశాలు దాటుతూ వారాలు, నెలల తరబడి చేసే ప్రయాణం. ఇంగ్లీషులో దీనిని ఓవర్‌ల్యాండింగ్ అంటారు. ఇటువంటి యాత్రలో తారు రోడ్డు లేని ఎడారులు, ఎత్తైన కనుమలు, బురద నేలలు ఎదురవుతాయి. ఒక పెట్రోలు బంకుకు, మరొక బంకుకు మధ్య దూరం వందల కిలోమీటర్లు ఉండవచ్చు. సాధారణంగా వాహనం ఎంత దృఢమైనది, ఎంత శక్తిగలది అన్న ప్రశ్నతో ఎంపిక మొదలవుతుంది. అయితే అంతకంటే ముందుగా అడగవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి. అది ఎంత బరువు మోయగలదు? దారిలో దొరికే ఇంధనంతో నడుస్తుందా? పాడైతే అక్కడే బాగుచేయడం వీలవుతుందా? ఈ మూడింటికీ సమాధానం దొరికిన తరువాతనే మిగిలిన సౌకర్యాలను గురించి ఆలోచించడం మంచిది.

చరిత్ర

మోటారు వాహనాలలో ఖండాంతర యాత్రలు ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలోనే మొదలయ్యాయి. 1907 జూన్ 10న పెకింగ్ (నేటి బీజింగ్) నుండి పారిస్‌కు ఐదు వాహనాలు బయలుదేరాయి. ఇటలీకి చెందిన రాకుమారుడు బోర్గీస్ నడిపించిన ఇటాలా కారు రెండు నెలల తరువాత, ఆగస్టు 10న, మొదట పారిస్ చేరింది. రష్యాలో ఈ కారు కొయ్య చక్రం విరిగిపోగా అక్కడి పల్లె వడ్రంగి కొత్త చక్రం చేసి ఇచ్చాడు. ఆ కాలపు చక్రం వడ్రంగి పనితనానికి లోబడినది కావడం వల్లనే యాత్ర ఆగలేదు.

1931-32లో ఫ్రాన్స్‌కు చెందిన సిట్రొయెన్ సంస్థ మధ్య ఆసియా మీదుగా పెద్ద యాత్రను నిర్వహించింది. దీనికి జార్జ్ మరీ హార్ట్ నాయకుడు. ముందు చక్రాలు, వెనుక రబ్బరు పట్టాలు గల ప్రత్యేక వాహనాలను ఇందులో వాడారు. శ్రీనగర్ నుండి గిల్గిత్‌కు పోయే కొండదారిలో కొన్నిచోట్ల వాహనాలను విడదీసి, భాగాలను కూలీల చేత మోయించి, మళ్ళీ బిగించారు. గిల్గిత్ తరువాత వాటిని విడిచిపెట్టి గుర్రాల మీద ముందుకు సాగారు. ఎంతటి ప్రత్యేక వాహనానికైనా ఒక హద్దు ఉంటుందని ఈ యాత్ర తెలియజేస్తుంది.

1955 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలకు చెందిన ఆరుగురు విద్యార్థులు రెండు ల్యాండ్ రోవర్ వాహనాలలో లండన్ నుండి బయలుదేరి, 1956 మార్చిలో సింగపూర్ చేరారు. వారిలో ఒకరైన టిమ్ స్లెసర్ ఈ యాత్రను "ఫస్ట్ ఓవర్‌ల్యాండ్" అనే పుస్తకంగా వ్రాశాడు. ఆ రెండు వాహనాలలో "ఆక్స్‌ఫర్డ్" అనే దానిని చాలా కాలం తరువాత మరమ్మతు చేయగా, అది 2019లో సింగపూర్ నుండి లండన్‌కు తిరుగు ప్రయాణం పూర్తిచేసింది. అప్పటికి దాని వయస్సు అరవై సంవత్సరాలు దాటింది. సాదా నిర్మాణం గల యంత్రాన్ని ఎన్నిసార్లైనా విప్పి బాగుచేయవచ్చుననడానికి ఇది మంచి ఉదాహరణ.

బరువు లెక్క

ప్రతి వాహనానికీ తయారీదారు గరిష్ఠ బరువును నిర్ణయిస్తాడు. అందులో నుండి ఖాళీ వాహనం బరువును తీసివేయగా మిగిలేదే వాహనం మోయగలిగే భారం. మనుషులు, ఇంధనం, నీరు, సామాను, అదనంగా బిగించిన ఉపకరణాలు అన్నీ ఈ భారంలోకే వస్తాయి. యాత్రికులు ఎక్కువగా ఉపేక్షించే అంశం ఇదే.

ఉదాహరణకు ఒక వాహనం గరిష్ఠ బరువు 3,050 కిలోలు, ఇంధనం లేకుండా దాని ఖాళీ బరువు 2,200 కిలోలు అనుకుందాం. మోయగలిగే భారం 850 కిలోలు. ఇద్దరు యాత్రికులకు లెక్క ఇలా ఉండవచ్చు:

- మనుషులు ఇద్దరు: 150 కిలోలు
- డీజిలు 150 లీటర్లు (లీటరుకు సుమారు 0.84 కిలో): 126 కిలోలు
- త్రాగునీరు 60 లీటర్లు: 60 కిలోలు
- పైకప్పు మీది చట్రం, గుడారం: 110 కిలోలు
- ఉక్కు బంపరు, వించి: 120 కిలోలు
- రెండవ అదనపు చక్రం: 35 కిలోలు
- పనిముట్లు, విడిభాగాలు: 60 కిలోలు
- ఫ్రిజ్, రెండవ బ్యాటరీ: 60 కిలోలు
- ఆహారం, బట్టలు, వంటసామాను: 90 కిలోలు

మొత్తం 811 కిలోలు. ఇక మిగిలింది 39 కిలోలు మాత్రమే. మూడవ మనిషి ఎక్కితే వాహనం హద్దు దాటుతుంది. అధిక భారం వల్ల కమాన్లు విరగడం, ఇరుసులు, బేరింగులు అరగడం, టైర్లు వేడెక్కి పగలడం, బ్రేకులు ఆలస్యంగా పట్టడం జరుగుతాయి. ఎడారిలో వాహనాలు నిలిచిపోవడానికి దారి ఎంత కారణమో, మోసుకుపోయే సామాను కూడా అంతే కారణం. పైకప్పు మీది భారం మరింత ప్రమాదకరం. వాహనం గరిమనాభి పైకి జరిగి, పక్కవాలు దారులలో బోల్తాపడే అవకాశం పెరుగుతుంది. పైకప్పు ఎంత మోయగలదో తయారీదారు వేరుగా తెలుపుతాడు. బరువైన వస్తువులను క్రింద, రెండు ఇరుసుల మధ్య ఉంచాలి.

వించి, ఉక్కు బంపరు వంటివి చూడడానికి బాగుంటాయి. కాని పైన చూపిన పట్టికలో అవి తీసుకున్న 120 కిలోలు రెండు వారాలకు సరిపడే నీటికి సమానం. వాటి అవసరాన్ని ఈ దృష్టితో తూచి చూడాలి.

ఇంజను, ఇంధనం

దూరయాత్రలకు చిరకాలంగా డీజిలు ఇంజన్లకే ఆదరణ ఎక్కువ. లీటరుకు ఎక్కువ దూరం రావడం, తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు శక్తి ఉండడం, లారీలు తిరిగే ప్రతిచోటా డీజిలు దొరకడం ఇందుకు కారణాలు. అయితే కొత్త డీజిలు వాహనాల విషయంలో ఒక చిక్కు ఉంది. యూరో-6, భారత్ స్టేజ్-6 ప్రమాణాల ఇంజన్లు పది లక్షల భాగాలలో 10 భాగాలకు మించని గంధకం గల డీజిలు కోసం రూపొందినవి. భారతదేశమంతటా ఇటువంటి ఇంధనం 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. గంధకం ఎక్కువగా ఉన్న డీజిలు అమ్మే దేశాలలో ఈ వాహనాల పొగగొట్టంలోని మసి వడపోత, ఉత్ప్రేరకం త్వరగా చెడిపోతాయి. యూరియా ద్రావణం అవసరమైన ఇంజన్లకు ఆ ద్రావణం కూడా దారిలో దొరకాలి. కాబట్టి పోబోయే దేశాలలో దొరికే డీజిలు నాణ్యతను బట్టి ఇంజనును ఎన్నుకోవాలి. కొన్ని దారులకు పెట్రోలు ఇంజనే మేలు కావచ్చు.

ఇంధనం ఎంత దూరానికి సరిపోతుందో ముందుగా లెక్కకట్టాలి. 100 కిలోమీటర్లకు 14 లీటర్లు తాగే వాహనం 150 లీటర్లతో తారు రోడ్డు మీద సుమారు 1,070 కిలోమీటర్లు పోతుంది. ఇసుకలో అదే వాహనం 20 లీటర్లు తాగితే దూరం 750 కిలోమీటర్లకు తగ్గుతుంది. అయిదవ వంతు నిల్వగా ఉంచుకుంటే నమ్మదగిన దూరం 600 కిలోమీటర్లే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కానింగ్ స్టాక్ రూట్ పొడవు సుమారు 1,850 కిలోమీటర్లు. వందలాది ఇసుక తిన్నెలు దాటుతూ సాగే ఈ బాటలో ఇంధనం దొరికే తావులు అతి తక్కువ. ఇటువంటి చోట కాగితం మీద వేసిన లెక్కే ప్రాణాధారం.

ఎత్తు కూడా ముఖ్యమే. తజికిస్తాన్‌లోని పామీర్ రహదారి మీద అక్-బైతాల్ కనుమ ఎత్తు 4,655 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం వద్ద ఉన్నదానిలో సుమారు 56 శాతమే. టర్బో లేని ఇంజను అక్కడ తన శక్తిలో పెద్ద భాగాన్ని కోల్పోతుంది. టర్బో ఇంజను ఈ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. తీవ్రమైన చలిలో మామూలు డీజిలులోని మైనం పేరుకొని వడపోతను మూసివేస్తుంది. కనుక చలి దేశాలలో చలికాలపు డీజిలునే పోయించుకోవాలి.

చట్రం, కమాన్లు, టైర్లు

నిచ్చెన వంటి ఉక్కు చట్రం మీద పైభాగాన్ని బిగించిన వాహనాలు దూరయాత్రలకు పేరుపొందాయి. చట్రం పగిలితే వెల్డింగు తెలిసిన ఏ ఊరిలోనైనా అతికించవచ్చు. లారీలకు ఉండే కమాను కట్టలు కుదుపు ఎక్కువ కలిగించినా ఎక్కువ భారం మోస్తాయి. ఒక పట్టీ విరిగితే మరొక వాహనం పట్టీని సరిచేసి వేయవచ్చు. చుట్ట స్ప్రింగులు సుఖాన్ని ఇస్తాయి. గాలి సంచులపై ఆధారపడే వాహనాలలో లోపం వస్తే పల్లెటూరి మెకానిక్కు చేయగలిగింది తక్కువ.

నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటుతో పాటు లో-రేంజి గేర్లు ఉండడం అవసరం. ఇవి ఉంటే నిట్టనిలువు దారులలో వాహనం నడక వేగంతో, అదుపులో, ఎక్కగలదు, దిగగలదు. ఒక చక్రం గాలిలోకి లేచినప్పుడు డిఫరెన్షియల్ శక్తినంతా ఆ తిరిగే చక్రానికే పంపుతుంది. డిఫరెన్షియల్ లాకు ఈ లోపాన్ని నివారిస్తుంది.

టైర్లను ఎన్నుకొనేటప్పుడు దొరుబడి ప్రధానం. ఆఫ్రికా దేశాలలో 16 అంగుళాల చక్రాలకు సరిపడే 7.50 కొలత టైర్లు విరివిగా వాడుకలో ఉన్నాయి. 20 అంగుళాల చక్రాలకు సరిపోయే టైరు మారుమూల ఊళ్ళలో దొరకడం కష్టం. అదీగాక పెద్ద చక్రాలకు టైరు పక్కగోడ పొట్టిగా ఉంటుంది కనుక గాలి తగ్గించి నడపడానికి వీలు తక్కువ. ఇసుకలో గాలిని చదరపు అంగుళానికి 15-18 పౌన్ల వరకు తగ్గిస్తే టైరు పరచుకొని ఇసుకలో దిగబడదు. గట్టినేల చేరగానే మళ్ళీ గాలి నింపుకోవాలి. ఈ పనికి చిన్న గాలిపంపు చాలు. చాలా సందర్భాలలో ఇది వించి కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

కొన్ని ప్రసిద్ధ వాహనాలు

- ల్యాండ్ రోవర్: 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో తొలిసారి కనిపించింది. యుద్ధానంతరం ఉక్కు కొరత వల్ల పైభాగాన్ని అల్యూమినియం మిశ్రమంతో చేశారు. ఈ వంశానికి చెందిన పాత డిఫెండర్ తయారీ 2016 జనవరిలో ఆగింది. 2019లో ఆవిష్కరించిన కొత్త డిఫెండర్‌కు వేరు చట్రం లేదు. పేరు ఒకటే అయినా రెండూ వేరువేరు తరహా వాహనాలు.
- టయోటా ల్యాండ్ క్రూయిజర్ 70 శ్రేణి: 1984లో వచ్చింది. ఆఫ్రికా, ఆస్ట్రేలియాలలో ఎక్కువగా కనిపిస్తుంది. సహాయ సంస్థలు విరివిగా వాడడం వల్ల దీని విడిభాగాలు, దీనిని ఎరిగిన మెకానిక్కులు చాలా దేశాలలో దొరుకుతారు.
- మెర్సిడిస్ జి-వాగన్: 1979 నుండి ఆస్ట్రియాలోని గ్రాట్జ్‌లో తయారవుతున్నది. పాతవి సాదా నిర్మాణం గలవి. తరువాతి కాలంలో విలాస వాహనంగా మారింది.
- యూనిమాగ్: ఎత్తైన ఇరుసులు గల జర్మన్ లారీ. చాలా బరువు మోయగలదు. కాని చిన్న వంతెనల మీద, ఇరుకు వీధులలో ఇబ్బంది కలిగిస్తుంది.
- చిన్న కార్లు: 2004లో మొదలైన మంగోల్ ర్యాలీలో ఒక లీటరు ఇంజను గల పాత చిన్న కార్లు సైతం ఐరోపా నుండి మంగోలియా చేరాయి. తేలికైన వాహనం గోతిలో దిగబడితే నలుగురు మనుషులు పట్టి తోయగలరు.

పత్రాలు, ఓడ రవాణా

కొన్ని దేశాలలోకి వాహనాన్ని తాత్కాలికంగా తీసుకుపోవడానికి కార్నే డి పాసాజ్ అనే సుంకపు పత్రం అవసరం. వాహనాన్ని ఆ దేశంలో అమ్మకుండా తిరిగి తెస్తామన్న హామీ ఇది. దీని కోసం చెల్లించవలసిన హామీ సొమ్ము వాహనం విలువను బట్టి ఉంటుంది. కనుక ఖరీదైన వాహనాన్ని ఎన్నుకుంటే యాత్ర మొదలవక ముందే పెద్ద మొత్తం చిక్కుపడుతుంది.

భూమార్గం ఎల్లచోట్లా అవిచ్ఛిన్నం కాదు. పనామా, కొలంబియాల మధ్య డారియన్ గ్యాప్ అనే అడవి ప్రాంతంలో సుమారు 100 కిలోమీటర్ల మేర రోడ్డు లేదు. అక్కడ వాహనాన్ని ఓడలో పంపాలి. మామూలు కంటెయినరు తలుపు ఎత్తు సుమారు 2.28 మీటర్లు. పైకప్పు మీద గుడారం బిగించిన వాహనం ఇందులో పట్టకపోవచ్చు. అప్పుడు ఎత్తైన కంటెయినరుకు, లేదా వాహనాలను నేరుగా ఎక్కించుకొనే ఓడకు ఎక్కువ ఖర్చు పెట్టవలసి వస్తుంది.

భారతదేశం నుండి బయలుదేరేవారికి

భారతదేశంలో వాహనాలకు స్టీరింగు కుడివైపున ఉంటుంది. కుడి పక్కన నడిచే దేశాలలో ముందున్న లారీని దాటేటప్పుడు ఎదురు దారి కనబడదు. పక్కన కూర్చున్నవారి సాయం, అదనపు జాగ్రత్త అవసరం. నేపాల్ మీదుగా టిబెట్‌లో ప్రవేశించే విదేశీ వాహనాలకు చైనా తాత్కాలిక అనుమతిపత్రాలు, నంబరు పలకలు, వెంట అధీకృత మార్గదర్శి ఉండాలి. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేపట్టిన తరువాత తూర్పు మార్గం అనిశ్చితంగా మారింది.

మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపులతో వాహనాల పని ప్రారంభించిన కాలం నుండి మన దేశంలో గట్టి వాహనాల తయారీ ఉంది. నేపాల్, భూటాన్‌లలో భారతీయ వాహనాలకు విడిభాగాలు సులభంగా దొరుకుతాయి. భారతదేశంలో మాత్రమే అమ్మే నమూనాకు మధ్య ఆసియాలో ఆ సౌకర్యం ఉండదు. కాబట్టి ఫిల్టర్లు, బెల్టులు, బ్రేకు దిమ్మలు, క్లచ్ ప్లేటు, నీటి గొట్టాలు వెంట తీసుకుపోవాలి. వీటి బరువును కూడా పై లెక్కలో చేర్చుకోవాలి.

ఎంపిక క్రమం

ముందుగా దారిని, ఋతువును, మనుషుల సంఖ్యను నిశ్చయించుకోవాలి. తరువాత బరువు, ఇంధనం లెక్కలు వేసుకోవాలి. ఆ దారిలోని దేశాలలో స్థానికులు ఏ వాహనాలు వాడుతున్నారో తెలుసుకోవాలి. అక్కడి మెకానిక్కు చేతికి అలవాటైన బండే ఆ దారికి తగినది. ఎన్నుకున్న వాహనంలో పూర్తి సామానుతో కనీసం వారం రోజులు దగ్గరి ప్రాంతంలో తిరిగి చూడాలి. చక్రం మార్చడం, ఫిల్టరు మార్చడం, బెల్టు బిగించడం యాత్రికులలో ప్రతి ఒక్కరూ ముందే నేర్చుకొని ఉండాలి. ఈ ప్రయోగంలో వాడని వస్తువులను ఇంటి వద్దనే విడిచి బయలుదేరడం ఉత్తమం.

ఇవి కూడా చూడండి

- జీపు
- డీజిలు ఇంజను
- పామీర్ రహదారి
- పాన్-అమెరికన్ రహదారి