ఒక్క గది, ఐదు తరగతులు, కొత్త టీచరు

ఉపాధ్యాయ వృత్తిలోకి కొత్తగా అడుగుపెట్టినవారి దృష్టి మొదట తమ మీదే ఉంటుందని, అంటే పిల్లలు తమ మాట వింటారా, తనిఖీకి వచ్చిన అధికారి ఏమంటారు, పాఠం మధ్యలో తడబడితే పరువు ఉంటుందా అనే దిగులే వారిని వెంటాడుతుందని, అనుభవం గడించిన కొద్దీ ఆ దృష్టి పిల్లల మీదికి మళ్లుతుందని అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన ఫ్రాన్సెస్ ఫుల్లర్ 1969లో ప్రతిపాదించారు. ఉపాధ్యాయుల ఎదుగుదలను కొలవడానికి ఇప్పటికీ ఇంతకన్నా తేలికైన కొలబద్ద లేదు. శిక్షణ కళాశాలలో నేర్చుకున్న బోధనకూ తరగతి గదిలో ఎదురయ్యే పరిస్థితికీ పొంతన కుదరక కొత్తవారు బెంబేలెత్తిపోయే దశను పరిశోధకులు 'వాస్తవ ఆఘాతం' అంటారు. నెదర్లాండ్స్‌కు చెందిన సైమన్ వీన్‌మన్ 83 అధ్యయనాలను పరిశీలించి 1984లో ప్రచురించిన సమీక్షలో కొత్త ఉపాధ్యాయుల ఇబ్బందులన్నిటిలో తరగతి క్రమశిక్షణే మొదటి స్థానంలో నిలిచింది. బోధన సామగ్రి కొరత కూడా ఆ జాబితాలో మొదటి ఎనిమిదింటిలో చోటు చేసుకుంది. అయితే ఆ అధ్యయనాలు చాలావరకు సంపన్న దేశాలవి, ఒక గదికి ఒక తరగతి, ఒక తరగతికి ఒక ఉపాధ్యాయుడు అనే ఏర్పాటు ఉన్న చోట్లవి కాబట్టి, ఆ వరుస తెలుగునాట పల్లె బడికి సరిపోతుందని అనుకోనక్కరలేదు.

ఇక్కడి లెక్క వేరు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. తరగతులు మాత్రం ఐదు. అంటే చట్టం తు.చ. తప్పకుండా అమలైనా ఒక్కొక్కరికి రెండో మూడో తరగతులు పడతాయి, ఒకరు సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్లినా, ఎన్నికల విధులకు పోయినా ఐదూ రెండోవారి నెత్తినే పడతాయి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, గణితం మూడేసి చొప్పున, మూడు నుంచి ఐదు తరగతులకు పరిసరాల విజ్ఞానం కూడా కలిపి నాలుగేసి చొప్పున లెక్కిస్తే మొత్తం 18 సబ్జెక్టులవుతాయి. ఇలా ఒకే ఉపాధ్యాయుడు ఒకే సమయంలో వేర్వేరు తరగతులకు చెప్పడాన్ని బహుళ తరగతి బోధన అంటారు. పల్లెల్లో ఇది ఎప్పుడో ఒకసారి తటస్థించే ఇబ్బంది కాదు, వ్యవస్థలోనే ఇమిడి ఉన్న పద్ధతి. అయినా డీఎడ్‌లో రాయించే పాఠ్యపథకం ఉన్ముఖీకరణంతో మొదలై పునశ్చరణతో ముగిసేలా ఒక తరగతిని, ఒక పాఠాన్ని, ఒక పీరియడును మాత్రమే దృష్టిలో పెట్టుకుని సాగుతుంది. ఈ వైరుధ్యాన్ని సరిదిద్దకుండా కొత్తవారిని మారుమూలకు పంపి, వారు తడబడితే శిక్షణ చాలలేదనడం అన్యాయమే.

గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా 1930లలో రాసిన 'దివాస్వప్న'లోని కల్పిత ఉపాధ్యాయుడు కూడా మొదటి రోజు వేసుకున్న పథకమంతా పిల్లల అల్లరిలో కొట్టుకుపోయి, మర్నాడు కథతో మళ్లీ మొదలుపెడతాడు. వాస్తవ ఆఘాతానికి ఆ పేరు పుట్టకముందే వచ్చిన చక్కని చిత్రణ అది. కాకపోతే ఆ ఉపాధ్యాయుడి చేతికి వచ్చింది ఒక్క నాలుగో తరగతే.

ఒంటరి టీచరు ఉన్న బడిలో నల్లబల్లను చూస్తే ఆ టీచరు ఏ దశలో ఉన్నారో కొంతవరకు చెప్పవచ్చు. తొలి నెలల్లో బల్ల నిండా ఒకే తరగతి పాఠం ఉంటుంది, మిగిలిన నాలుగు తరగతులకు చూచిరాత పని పడుతుంది, రాయడం ముగించినవారు పలకలు పట్టుకుని టీచరు చుట్టూ మూగుతారు. కొంతకాలానికి అదే బల్ల మీద నిలువు గీతలు పడతాయి. ఒక గడిలో ఒకటో తరగతికి 'తల', 'వల', 'పలక' వంటి సరళ పదాలు, పక్క గడిలో మూడో తరగతికి తీసివేతలు, చివరి గడిలో ఐదో తరగతికి ఒక ప్రశ్న. ఐదో తరగతి అమ్మాయి తన లెక్క ముగించి ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దిస్తూ ఉంటుంది, టీచరు మూడో తరగతి దగ్గర నేల మీద కూర్చుని చింతగింజలతో పదుల కుప్పలు పేర్పిస్తూ, అప్పు తెచ్చుకోవడమంటే ఒక కుప్పను విడదీయడమేనని చూపిస్తారు. బల్ల మీద గీత గీయడం చిన్న విషయమే కానీ, పాఠం తాను చెప్పేది కాదు, పిల్లలు చేసేది అన్న గ్రహింపు ఉంటే తప్ప ఆ గీత పడదు.

ఈ పనికి ఒక క్రమం కల్పించినవారు తెలుగునాటనే ఉన్నారు. మదనపల్లె సమీపంలోని రిషీవ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం నడిపిన చిన్న బడుల్లో పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ప్రతి కార్డుకూ ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తుల వరుసను 'అభ్యసన నిచ్చెన' పేరుతో గోడకు తగిలించారు. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని కార్డు తెచ్చుకుంటాడు, కొన్ని పనులు టీచరు సాయంతో, కొన్ని తోటిపిల్లలతో, కొన్ని ఒంటరిగా చేస్తాడు, వారం రోజులు బడికి రాకపోయినా ఆగిన మెట్టు నుంచే అందుకుంటాడు. తమిళనాడు ఈ పద్ధతిని మలచుకుని ప్రభుత్వ బడుల్లో పెద్ద ఎత్తున అమలు చేసింది. పుట్టిన గడ్డ మీద దీనికి అంత ఆదరణ దక్కకపోవడం పాత కథే.

గిరిజన గూడేల్లో పనిచేసే కొత్త టీచరుకు అంతకన్నా లోతైన పాఠం భాష నుంచి వస్తుంది. గోండి, కోయ, కొండ వంటి భాషల్లో నీటిని 'ఏర్', 'ఏరు' అంటారు. దాహం వేసి 'ఏరు' అన్న ఒకటో తరగతి పిల్ల మాట మైదానం నుంచి వచ్చిన టీచరు చెవికి వాగు గురించిన కబురులా వినిపిస్తుంది. ఆ పిల్ల మందబుద్ధి అని రిజిస్టరులో రాసుకుని ఊరుకోవడానికీ, ఆ మాటను చార్టు మీద రాసి బొమ్మ వేసి పక్కన 'నీళ్లు' అని చేర్చడానికీ మధ్య దూరమే ఫుల్లర్ చెప్పిన ఎదుగుదల. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో సవర, కువి, కోయ, గోండి, కొలామి తదితర 8 భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం ప్రారంభించినప్పుడు, ఇంటి భాషలో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి నడిపించాలన్న ఈ సూత్రాన్నే పాటించింది.

కష్టాలే మంచి టీచరును తయారుచేస్తాయన్న మాట వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. ఉపాధ్యాయులు తాము విద్యార్థులుగా గడిపిన ఏళ్లలో తెలియకుండానే తమ గురువుల తీరును ఒంటబట్టించుకుంటారని, అది ఒక రకమైన 'పరిశీలనా శిష్యరికం' అని అమెరికా సమాజశాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో వివరించారు. ఒత్తిడి పెరిగి, అడగడానికి పక్కన మనిషి లేనప్పుడు కొత్త టీచరు చేయి ఆ పాత అలవాట్ల వైపే పోతుంది: ఎక్కాలు అప్పజెప్పించడం, కోరస్‌గా చదివించడం, చట్టం నిషేధించినా బెత్తం పట్టడం. గదులు, బల్లలు, సామగ్రి ఇవ్వడానికి 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మొదలైంది. రెండో టీచరు కూడా అవసరమని ఆ పథకమే గుర్తించింది గానీ, వస్తువులు చేరినంత తేలికగా మనిషి చేరలేదు. నిజానికి ఇలాంటి బడిలో అన్నిటికన్నా పెద్ద కొరత తోటి టీచరే. ఈ ఒంటరితనాన్ని తగ్గించడానికే 1964-66 కొఠారి కమిషన్ సమీప బడులను ఒక ఉన్నత పాఠశాలతో కలిపి స్కూల్ కాంప్లెక్సుగా నడపాలని సూచించింది. ఆ కాంప్లెక్స్ సమావేశాలు ఇప్పటికీ జరుగుతున్నాయి. వాటిలో యాప్‌లు, వివరాల ఫారాలు, మధ్యాహ్న భోజనంలోని గుడ్ల లెక్కలు పోగా, ఒక కొత్త టీచరు తాను ఓడిపోయిన పాఠం గురించి నలుగురిలో నోరు విప్పి చెప్పుకునే అరగంట మిగిలేలా చూడవలసిన బాధ్యత ప్రధానోపాధ్యాయులది, మండల విద్యాధికారులది.

బదిలీల కౌన్సెలింగులో మారుమూల ఊళ్లలో చేసిన సర్వీసుకు ఎక్కువ పాయింట్లు వస్తాయి, కష్టపడినవారికి అది న్యాయమే. ఆ పాయింట్లు పోగయ్యేసరికి టీచరుకు గూడెం మాట వచ్చి ఉంటుంది. ఆ వేసవిలోనే బదిలీ ఉత్తర్వు అందుతుంది, జూన్‌లో ఆ గదిలోకి మరో కొత్త టీచరు వస్తారు.