నల్లరేగడిలో కనకాంబరం: చలికాలం దాటించేదెలా?

వీడియోలో ఒక మొక్క పీకి వేళ్లు దగ్గరగా చూపించాను కదా, ఆ బుడిపెల గురించే ఇవాళ వివరంగా రాస్తున్నాను. మా మొదటి తోట ఆ బుడిపెల వల్లే పోయింది.

మాది మార్టూరు వైపు. జిల్లాలు విడగొట్టాక బాపట్ల అంటున్నారు గానీ మా నోటికి ఇంకా ప్రకాశమే వస్తుంది. మిర్చి తీసేసిన 10 సెంట్లలో ఆగస్టులో కనకాంబరం నారు పెట్టాం. రెండడుగుల సాలు, అడుగుకో మొక్క చొప్పున రెండు వేల పైచిలుకు పట్టింది. కార్తీకంలో పూలు బాగానే కోశాం. డిసెంబరు వచ్చేసరికి మొక్కలు పాలిపోయాయి. మధ్యాహ్నం వాడిపోవడం, సాయంత్రానికి మళ్లీ లేవడం. చలి దెబ్బ, పోషకాలు చాలట్లేదు అని ఎవరో అంటే నిజమే అనుకున్నాను. జీవామృతం రెట్టింపు చేసి, నీళ్లూ పెంచాను. సంక్రాంతికి సగం తోట ఎండిపోయింది. అప్పుడు మా అమ్మ వచ్చి "ఆకు వంక చూస్తావేంట్రా, వేరు చూడు" అంది. పీకి చూస్తే వేళ్ల నిండా ముడులే. డిప్లొమాలో వేరుబుడిపె నులిపురుగు గురించి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, సొంత చేలో పోల్చుకోలేకపోయాను.

మిర్చి, టమాటా, వంగ వేళ్లలో పెరిగే నులిపురుగే కనకాంబరాన్నీ పడుతుంది. మిర్చి తీసి పూలు వేద్దామనుకునే వాళ్లు ముందు ఇది చూసుకోవాలి. పాత మిర్చి మొక్కలు నాలుగైదు పీకి, వేళ్లు కడిగి చూడండి. ముడులుంటే ఆ చేలో పెట్టొద్దు. జొన్నో సజ్జో వేసిన చెక్కని ఎంచుకోండి. నేను రెండోసారి అలాంటి చెక్కలోనే మూడు నెలలు బంతి పెంచి అక్కడే కలియదున్నాను. బంతి వేళ్లలోని పదార్థం నులిపురుగుల్ని అణిచేస్తుంది. దానిపైన 40 కిలోల వేపపిండి, అంటే ఎకరానికి 400 కిలోల లెక్కన వేశాను. నర్సరీలో నారు కొనేటప్పుడు కూడా ఒక మొక్క వేరు కడిగి చూపించమని అడగండి. మొహమాటపడితే నష్టపోయేది మనమే.

రకం సంగతికొస్తే, నాటు కనకాంబరం విత్తనంతో వస్తుంది. ఎండిన కాయ తడి తగిలితే టప్పున పగిలి గింజలు చిమ్ముతుంది, చిన్నప్పుడు మేం నీళ్లలో వేసి ఆడుకునేవాళ్లం. ఢిల్లీ రకానికి మూడు సెట్ల క్రోమోజోములు ఉంటాయి కాబట్టి విత్తనం కట్టదు, కొమ్మ ముక్కలతోనే నాటుకోవాలి. రంగు ముదురు, మార్కెట్లో ఇష్టంగా కొంటారు. కానీ నులిపురుగు దీన్నీ వదలదు.

ఇక చలికాలం. మన దగ్గర మంచు గడ్డకట్టదు. రాత్రులు 17, 18 డిగ్రీలకు దిగితే కనకాంబరం చావదు, కాకపోతే నెమ్మదిస్తుంది. కంకులు తక్కువ వస్తాయి, పువ్వు చిన్నదవుతుంది. మన చలికాలపు అసలు గండం నీళ్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, అప్పుడు మా రేగడి చేలల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మా కనకాంబరం మాత్రం అడుగు ఎత్తు బోదెల మీద ఉంది, నీరు కాలవల్లోంచి పోయింది. అక్కడక్కడా కొన్ని మొక్కలు కుళ్లాయి తప్ప తోట నిలిచింది. అందుకే అక్టోబరులోనే బోదెలు ఎగదోసి, కాలవలు బాగు చేసుకోండి.

నవంబరు నుంచి తడుల మధ్య ఎడం పెంచుతాను. వేలు మట్టిలో గుచ్చి, లోపల పొడిగా తగిలితేనే తడి, అదీ పొద్దున పూట. సాయంత్రం తడిపితే రాత్రంతా మొదలు చల్లగా, తేమగా ఉండి కుళ్లు పట్టుకుంటుంది. ఆచ్ఛాదనకి వరిగడ్డి, జొన్న చొప్ప వాడతాం, మొదలుకి నాలుగు వేళ్ల దూరం వదిలి. పత్తి మోళ్లు ఊరికే దొరుకుతున్నాయి కదా అని తెచ్చి పరచకండి, కాయల్లో గులాబీ పురుగు దాక్కుని ఉంటుంది. ద్రవజీవామృతం 10 సెంట్లకు 20 లీటర్లు, 15 రోజులకోసారి. చలికి మొక్క ఆగిందని నాలాగా రెట్టింపు చెయ్యొద్దు.

ఎండిన కంకులు ఎప్పటికప్పుడు తుంచేయాలి, కొత్తవి పక్కనుంచి లేస్తాయి. గట్టి కత్తిరింపు మాత్రం డిసెంబరులో వద్దు. జనవరి ఆఖర్లో ఎండ ముదిరాక కొమ్మలు మూడో వంతు తీసి ఘనజీవామృతం వేస్తే చిగురు త్వరగా వస్తుంది.

పసుపు రంగు చూసి గాభరా పడేవాళ్లకి ఒక గుర్తు. లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది సుద్ద నేలల్లో వచ్చే ఇనుము లోపం. మొక్క మొత్తం పాలిపోయి, మధ్యాహ్నం వాడుతుంటే ముందు ఒకటి పీకి చూడండి.

ధనుర్మాసంలో గుళ్లకీ, సంక్రాంతికి ఇళ్లకీ పూలు కావాలి, పంటేమో తక్కువ, అందుకే అప్పుడు వచ్చే కొంచెమైనా విలువే. కిలోకి సుమారు 15 వేల పూలు తూగుతాయి. రోజు విడిచి రోజు కోస్తాం. మంచు తడి ఆరకుండా బుట్టలో కుక్కితే నల్లబడతాయి, మా అమ్మ ముందు చాప మీద పరిచి ఆరబెట్టాకే కట్టడానికి కూర్చుంటుంది.