బియ్యపు పైపొర – నరములకు రక్ష

కాళ్ళు తిమ్మిరెక్కుట, అరికాళ్ళు మండుట, పిక్కలు నొప్పిపెట్టుట, క్రమముగా నడక తడబడుట – ఇవి బెరిబెరి వ్యాధి లక్షణములు. మరపట్టిన తెల్లని బియ్యము ముఖ్యాహారమైన ఉత్తర సర్కారు జిల్లాలలో ఒకప్పుడు ఈ వ్యాధి విశేషముగా నుండెడిది.

దీనికి కారణమేమి? పందొమ్మిదవ శతాబ్ది చివర జావా ద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లబియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు చచ్చుబడుటయు, తవుడు పెట్టగా అవి కోలుకొనుటయు గమనించెను. తవుడులోని ఆ రక్షక పదార్థమే థయమిన్, అనగా బి1 విటమిను. 1886లో మన నెల్లూరున జన్మించిన అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విలియమ్స్ 1936లో దీనిని కృత్రిమముగా తయారుచేసెను.

అన్నములోని పిండిపదార్థమును నరములు శక్తిగా మార్చుకొనుటకు థయమిన్ కావలెను. అది లోపించినచో నరములు క్షీణించును. సకాలమున అందినచో మంట, నొప్పి తగ్గును. ఆలస్యమైనచో పూర్తిగా కోలుకొనుట కష్టము.

ఉప్పుడు బియ్యమునకై వడ్లను ఉడికించునపుడు ఈ విటమిను గింజలోనికి ఇంకును. దంపుడు బియ్యము, పప్పుధాన్యములు, వేరుసెనగలలోను ఇది లభించును. బియ్యమును పలుమార్లు కడిగినను, గంజి వార్చి పారబోసినను చాలవరకు నష్టమగును. మితిమీరిన మద్యపానము దీనిని శరీరమునకు అందనీయదు.

అరికాళ్ళ మంటకు మధుమేహము, బి12 లోపము మొదలగు ఇతర కారణములును గలవు. వానికి థయమిన్ మందు కాజాలదు. స్పర్శ తప్పిన కాలికి ముల్లు గుచ్చుకొన్నను తెలియదు. కావున తిమ్మిరిని ఉపేక్షింపక వెంటనే వైద్యునికి చూపవలెను.