గోదావరి గట్ల మీద సైకిల్ బాటలు: ఉన్న దారిని కాపాడుకుంటే చాలు

ప్రత్యేక వ్యాసం

రాజమహేంద్రవరం: పచ్చని వరిచేలు, బారులు తీరిన కొబ్బరిచెట్లు, మధ్య మధ్య ఏటిపాయలు, కాలువలు, లంక గ్రామాలు. ఉభయ గోదావరి జిల్లాల పేరు చెప్పగానే మనస్సులో మెదిలే దృశ్యమిది. ఉత్తరాన మన్యపు అడవులు, దక్షిణాన సముద్రతీరం ఈ సీమకు ఎల్లలు. ఒకే నదీ పరీవాహకంలో అడవి, డెల్టా, కడలి ఇంత దగ్గరగా కలిసి ఉండటం ఈ ప్రాంత విశిష్టత. ఈ శోభను సైకిల్ మీద తిరుగుతూ తిలకించాలన్న ఆసక్తి యువతలో నానాటికీ పెరుగుతున్నది.

1970వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో రూపుదిద్దుకొన్న మౌంటెన్ బైక్, వెడల్పాటి టైర్లతో, గేర్లతో మట్టిదారిని, రాళ్లబాటను సులభంగా అధిగమిస్తుంది. అటువంటి సైకిళ్లకు తగిన బాటలు కావాలంటే కోట్ల రూపాయలు వెచ్చించి కొత్తగా నిర్మించవలసి ఉంటుందని సాధారణంగా భావిస్తారు. గోదావరి డెల్టాకు ఆ అవసరం చాలావరకు లేదు. నూట డెబ్బయి ఏళ్ల క్రితమే ఇక్కడ అటువంటి బాటలు ఏర్పడ్డాయి. వాటిని గుర్తించడం, కాపాడుకోవడమే నేడు మన ముందున్న కర్తవ్యం.

కాటన్ దొర వేసిన బాట

సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1852 నాటికి పూర్తయింది. దాని స్థానంలో 1982లో పూర్తయిన నేటి బ్యారేజీకి ఆయన పేరే పెట్టుకున్నాము. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో పది లక్షల ఎకరాలకు పైగా భూమి ఈ కాలువల ద్వారానే సాగవుతున్న సంగతి విదితమే.

అయితే కాటన్ ఈ ప్రధాన కాలువలను సాగునీటికి మాత్రమే గాక పడవల ప్రయాణానికి కూడా ఉద్దేశించారు. ధాన్యం పడవలను గాలి వాలు లేని వేళ మనుషులు తాడు కట్టి గట్టు మీద నుంచి లాగేవారు. అందువల్ల గట్టు మీద తెంపు లేని దారి అవసరమైంది. కాలువ వాలు మైలుకు కొన్ని అంగుళాలే కనుక గట్టు కూడా దాదాపు సమతలంగా ఉంటుంది. పడవ ఒక మట్టం నుంచి మరో మట్టానికి దిగేందుకు కట్టిన లాకులు నేటికీ అనేకచోట్ల నిలిచి ఉన్నాయి. ఎత్తుపల్లాలు లేని దారి, పక్కనే నీరు, చాలాచోట్ల చెట్ల నీడ, కొద్ది దూరానికొక ఊరు. సైకిల్ యాత్రికునికి ఇంతకు మించి కావలసినది లేదు.

డెల్టాలో మట్టిదారులు ప్రధానంగా మూడు రకాలు. నదీపాయల వెంట వరదను ఆపేందుకు వేసినవి ఏటిగట్లు. కాలువలకు ఇరువైపులా ఉన్నవి కాలువగట్లు. ఊరి నుంచి పొలానికి, ఒక ఊరి నుంచి మరో ఊరికి పూర్వం ఎడ్లబండ్లు నడిచిన దారులు పుంతలు. ఏటిగట్లు, కాలువగట్లు జలవనరుల శాఖ పర్యవేక్షణలో ఉంటాయి. పుంతల విషయం రెవెన్యూ, పంచాయతీ అధికారుల పరిధిలోకి వస్తుంది. ఏ బాట ఎవరి పరిధిలో ఉన్నదో తెలియకుండా సైకిల్ మార్గం గురించి ఆలోచించడం సాధ్యం కాదు.

డెల్టా చుట్టూ ఒక ప్రదక్షిణ

ఈ బాటలలో అన్నిటికన్నా సంపూర్ణమైనదిగా మధ్య డెల్టా మార్గాన్ని పేర్కొనవచ్చు. రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం చేరి, కాటన్ మ్యూజియం సందర్శించి, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరుకోవచ్చు. అక్కడి లాకుల నుంచి ప్రధాన కాలువ వెంట పూతరేకులకు పేరొందిన ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల వరకు సాగే దారి సినిమాల ద్వారా తెలుగువారందరికీ చిరపరిచితమే.

అక్కడి నుంచి పి.గన్నవరం చేరితే వైనతేయపాయ మీద 1850వ దశకంలో నిర్మించిన పాత అక్విడక్టు కనిపిస్తుంది. ఒక నదిపై నుంచి కాలువను దాటించి, ఆవలి దీవికి గోదావరి నీటిని అందించిన ఆ కట్టడం నాటి ఇంజనీర్ల నైపుణ్యానికి నిదర్శనం. దాని పక్కన నిర్మించిన కొత్త అక్విడక్టుకు, ఆకలిగొన్నవారికి జీవితాంతం అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టడం ఎంతో సముచితం. రాజోలు మీదుగా ముందుకు సాగితే వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది చేరవచ్చు. రాజమహేంద్రవరం నుంచి ఇది నూరు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

వచ్చిన దారినే తిరిగి పోనక్కరలేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దిగితే, నరసాపురం కాలువ దారిన పంచారామాలలో ఒకటైన క్షీరారామం వెలసిన పాలకొల్లు వస్తుంది. అటునుంచి నిడదవోలు, విజ్జేశ్వరం మీదుగా మళ్లీ బ్యారేజీకే చేరుకోవచ్చు. మూడు నాలుగు రోజుల ఈ ప్రదక్షిణలో డెల్టా స్వరూపం కళ్లకు కడుతుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ అనంతరం ఈ ఒక్క మార్గమే తూర్పు గోదావరి, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాలలో విస్తరించి ఉండటం గమనార్హం.

కోరంగి తీరం, మారేడుమిల్లి మన్యం

సముద్రతీరం విషయానికొస్తే, కాకినాడ నుంచి తాళ్లరేవు వైపు వెళ్లే దారిలో కోరంగి అభయారణ్యం ఉన్నది. 1978లో ఏర్పాటైన ఈ అభయారణ్యం 235.70 చదరపు కిలోమీటర్లలో మడ అడవులతో విస్తరించింది. 1839 నవంబరు నాటి ఉప్పెనలో కోరంగి రేవు సర్వనాశనమైంది. ఉప్పెన ఉద్ధృతికి అడ్డుగా నిలిచే శక్తి మడ అడవులకు ఉన్నదని గుర్తిస్తే వాటి విలువ అర్థమవుతుంది. ఇక్కడ చెక్కబాట పాదచారులకు ఉద్దేశించినది. సైకిల్‌ను వెలుపలే నిలిపి, నడిచి చూడటమే మర్యాద. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ వైపు సాగే తీరం రోడ్డు మనోహరమైనదే అయినా, సముద్రపు కోతకు తరచూ గురవుతుంటుంది. అలలు ఎగసిపడే రోజుల్లో ఆ దారిన వెళ్లరాదు.

అటవీ మార్గం పూర్తిగా వేరు. రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. 1922-24 మధ్య అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో జరిగిన మన్యం పోరాటానికి ఈ కొండలే సాక్ష్యం. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు సాగే ఘాట్ దారి ఇరుకైన మలుపులతో, బరువైన వాహనాల రాకపోకలతో ఉంటుంది. సుశిక్షితులైన వారికే అది తగినది. 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటితమైన పాపికొండల అటవీ ప్రాంతంలోకి గాని, అభయారణ్యాల్లోకి గాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ప్రవేశించరాదు. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా దేవీపట్నం పరిసరాల్లో పాత దారులు మారిపోయాయి కనుక పాత పటాలను నమ్ముకోవడం క్షేమం కాదు. కొండరెడ్డి గూడేల మీదుగా పోయే కాలిబాటలు వారి నిత్యజీవనంలో భాగమన్న స్పృహ కూడా యాత్రికులకు ఉండాలి.

వేళ, వాతావరణం, జాగ్రత్తలు

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు సైకిల్ యాత్రకు అనువైన కాలం. వానపడిన గట్టు మీద బంకమట్టి చక్రాలకు పట్టి సైకిల్ కదలదు. జారితే పక్కన కాలువే. చాలాచోట్ల గట్టుకు పిట్టగోడ ఉండదు కనుక చీకటి పడ్డాక ప్రయాణం చేయరాదు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టివేసినప్పుడు గట్ల మీద పనులు జరుగుతుంటాయి.

వరద కాలంలో ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయి. మొదటి హెచ్చరిక వెలువడగానే యాత్రికులు ఏటిగట్లను, లంకలను విడిచి రావాలి. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు గట్లు తెగి ఎంతటి నష్టం వాటిల్లిందో ఈ ప్రాంత పెద్దలకు నేటికీ జ్ఞాపకమే. గట్టు ముందు రక్షణకు, ఆ తర్వాతే విహారానికి.

మొదటి హక్కు ఎవరిది?

కాలువగట్లలో కొన్ని ఇప్పటికే తారు రోడ్లయ్యాయి. రాజమహేంద్రవరం నుంచి ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు మీదుగా సామర్లకోట వెళ్లే కాలువ రోడ్డు ఇందుకు ఉదాహరణ. వాహనాల రద్దీ పెరిగిన కొద్దీ అక్కడ సైకిల్ అంచుకు నెట్టివేయబడింది. మరికొన్నిచోట్ల గట్లు చెత్త కుప్పలకు, ఆక్రమణలకు నెలవులయ్యాయి. తెల్లవారుజామున పాలక్యాన్లతో, చేపల బుట్టలతో, కొబ్బరికాయల బస్తాలతో సైకిల్ తొక్కేవారికి, బడికి వెళ్లే విద్యార్థులకు గట్టు ఈనాటికీ జీవనాధారమైన దారి. పర్యాటకుని కోసం చేసే ఏ ఏర్పాటైనా వీరికి ముందుగా ఉపయోగపడాలి. గుంతలు పూడ్చడం, ముళ్లకంపలు తొలగించడం, ప్రమాదకరమైన మలుపుల వద్ద రాళ్లు పాతడం, లాకుల వద్ద తాగునీరు, దూరాలు తెలిపే తెలుగు బోర్డులు. ఇవన్నీ స్వల్ప వ్యయంతో అయ్యే పనులే.

ఇటువంటి సమస్య అమెరికాలోనూ ఎదురైంది. వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ వరకు సుమారు 297 కిలోమీటర్ల పాత పడవల కాలువ మీద మోటారు రోడ్డు వేయాలన్న ప్రతిపాదనను అక్కడి ఒక ప్రముఖ పత్రిక సమర్థించింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ 1954లో ఆ పత్రిక సంపాదకులను తనతో కలిసి గట్టు వెంట నడిచి చూడమని ఆహ్వానించారు. నడిచి చూశాక పత్రిక తన అభిప్రాయాన్ని సవరించుకున్నది. 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక ఉద్యానవనమైంది. ఒకప్పుడు కంచరగాడిదలు పడవలను లాగిన ఆ గట్టు మీద నేడు సైకిళ్లు సాగుతున్నాయి.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. ఘాట్లతో పాటు గట్ల గురించి కూడా యోచించేందుకు ఇది తగిన తరుణం. జలవనరులు, రెవెన్యూ, పంచాయతీరాజ్, అటవీ, పర్యాటక శాఖల సమన్వయం లేనిదే ఇది సాధ్యపడదు. నిర్ణయం తీసుకునే అధికారులు, దానిపై వ్రాసే పాత్రికేయ మిత్రులు ఒక శీతకాలపు ఉదయం బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల వరకు సైకిల్ మీద వెళ్లి రావడం మంచిది. ఆ గట్టు ఎవరికి ఎంత అవసరమో దారిలో ఎదురయ్యేవారే తెలియజేస్తారు.