పని మీద పరదేశమునకు

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు అనుచుండెడివారు. ఆ కాలమున ప్రయాణమనగా నెలల తరబడి నడక. ఇల్లు విడిచినవాడు తిరిగి వచ్చునో రాడో తెలియదు. ఐనను అతనికి ఒక సౌఖ్యము ఉండెను, తొందర లేదు. దారిలో నాలుగు భాషలు చెవిని పడి, నాలుగు ఊళ్ళ నీరు ఒంటికి అలవాటై, కాశి చేరునప్పటికి అతడు సగము కాశివాడై యుండెడివాడు. ఈనాడు పని మీద విదేశమునకు పోవువానికి ఆ సౌఖ్యము లేదు. ఆదివారము ఇంట పెరుగన్నము తిని బయలుదేరి, మంగళవారము భాష తెలియని చోట బేరమునకు కూర్చుండవలెను. తిరుగు టిక్కెట్టు శుక్రవారమునకు జేబులోనే యుండును.

ఇట్టి పొట్టి ప్రయాణమునకు ఎట్లు సిద్ధపడవలెనో ఈ ప్రసంగమున చెప్పదలచితిమి. చెప్పుటకు మాకు గల అర్హత ఒక్కటే. అట్టి ప్రయాణమొకటి చేసి, అందులో ఒక పెద్ద పొరపాటు చేసి వచ్చితిమి. 2025 ఉగాదికి పాత నాటకముల రికార్డింగులను వినిపింతుమని శ్రోతలకు మాట యిచ్చి నిలుపుకొనలేకపోతిమి. కారణమేమని పలువురు ఉత్తరములు వ్రాసిరి. వారికి సమాధానము కూడ ఇందులోనే కలదు.

విషయమిది. మా నిలయమున కొన్ని పాత టేపులు కలవు. టేపు చిరకాలము నిలుచునది కాదు. ఏండ్లు గడచిన కొలది దాని మీది పూత జిగటయై, తుదకు పొరలుగా రాలిపోవును. అట్టి టేపులను వినిపించు యంత్రములు క్రొత్తవి దొరకుట ఇప్పుడు అరుదు. పాత యంత్రములను బాగుచేసి అమ్ము చిన్న కర్మశాల ఒకటి జపానులోని ఒసాకా నగరమున నున్నదనియు, దాని వ్యాపారశాఖ టోకియోలో నున్నదనియు తెలిసి, 2024 నవంబరులో నాలుగు దినముల పనికై మేము ఆ దేశమునకు వెళ్ళితిమి.

మొదట ఇంటివద్ద చేసికొనవలసిన పనులు. పొట్టి ప్రయాణమున సగము పని బయలుదేరుటకు ముందే ముగియవలెను. పని మీద జపానుకు పోవు భారతీయునకు వీసా కావలెను. అందులకు పిలిచినవారి ఆహ్వానపత్రము, ఏ దినమున ఎచ్చట నుందుమో తెలుపు కార్యక్రమ పట్టిక జతపరుపవలెను. ఈ పట్టికను మ్రొక్కుబడిగా నింపరాదు. దానిని నింపుచున్నప్పుడే నాలుగు దినములలో నిజముగా ఎన్ని గంటల పని సాగునో తేలిపోవును. వీసా మనలను వాకిలి వరకు చేర్చునే కాని, లోనికి రానిచ్చుట విమానాశ్రయమునందలి అధికారి పని. 2007 నుండి అక్కడ విదేశీయుల వేలిముద్రలను, ఛాయాచిత్రమును తీసికొనుచున్నారు. ఆహ్వానపత్రము పెట్టె అడుగున గాక చేతిసంచిలో నుండుట మేలు.

మందుల విషయమున ప్రత్యేకముగా జాగ్రత్త పడవలెను. మన యిండ్లలో సామాన్యముగా నుండు జలుబు మాత్రలలో కొన్నిటియందు సూడోఎఫిడ్రిన్ అను ద్రవ్యము కలదు. అది పదిశాతమునకు మించియున్న మందును జపానులోనికి తీసికొనిపోరాదు. నల్లమందు జాతికి చెందిన నొప్పి మందులకు ముందుగా అనుమతి పొందవలెను. వైద్యుడు వ్రాసి యిచ్చిన తక్కిన మందులను సాధారణముగా ఒక నెలకు సరిపడునంత వెంట నుంచుకొనవచ్చును. బయలుదేరుటకు ముందు మాత్రల చీటీలన్నియు ఒకమారు చదివి చూచుకొనవలెను.

తరువాత విద్యుత్తు. మన యిండ్లలో 230 వోల్టులు. అక్కడ 100 వోల్టులు. ప్లగ్గునకు రెండు పలుచని బల్లపరుపు కడ్డీలుండును. ఇంతకంటె వింత మరియొకటి కలదు. విద్యుత్ప్రవాహము దిక్కు మార్చుకొను వేగము దేశమున తూర్పు భాగమందు 50 హెర్ట్జులు, పడమటి భాగమందు 60 హెర్ట్జులు. 1890 దశకమున టోకియోవారు జర్మనీ నుండియు, ఒసాకావారు అమెరికా నుండియు విద్యుజ్జనక యంత్రములను కొనిరి. నాటి ఆ రెండు బేరముల ఫలితమును నేటికిని దేశమంతయు అనుభవించుచున్నది. ఈ సంగతిని మేము ముందే చదివియుంటిమి. చదివినదానిని మా పనికి అన్వయించుకొనకపోవుటయే మా పొరపాటునకు మొదలు.

రేడియో శ్రోతలకు ఇంకొక మాట. మన ఎఫ్.ఎం. రేడియోలు 88 నుండి 108 మెగాహెర్ట్జుల వరకు పట్టును. అక్కడి ఎఫ్.ఎం. ప్రసారములు 76 నుండి 95 వరకు సాగును. ఇక్కడి సెట్టును పట్టుకొనిపోయినచో అక్కడి కేంద్రములలో కొన్ని మాత్రమే వినబడును.

ఇక దిగిన తరువాత. జపాను గడియారము మనకంటె మూడున్నర గంటలు ముందు నడచును. అక్కడ ఉదయము తొమ్మిది గంటలకు సమావేశమనగా, మన ఒడలికి అది తెల్లవారుజామున అయిదున్నర. కనుక మొదటి పూట ముఖ్యమైన పని పెట్టుకొనరాదు. నారిటా విమానాశ్రయము టోకియో నడిబొడ్డునకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది, హనేడా దగ్గర. టిక్కెట్టు కొనునప్పుడు ఈ తేడా చూచుకొనినచో ఒక పూట మిగులును.

అక్కడ చాల వీధులకు పేర్లు లేవు. చిరునామాలో పేట పేరు, దానిలోని భాగము, ఆ భాగములోని ఖండము, కట్టడము సంఖ్య వరుసగా నుండును. అందువలన చేరవలసిన చోటి చిరునామాను జపాను లిపిలో వ్రాయించి తీసికొనిపోవలెను. దారి తప్పినచో కూడళ్ళలో కోబన్ అను చిన్న పోలీసు ఠాణాలు కలవు. దారి చూపుట వారి నిత్యకృత్యములలో ఒకటి, అడుగుటకు సంకోచింపనక్కరలేదు.

నాణెములలో అయిదు యెన్నుల బిళ్ళకు నడుమ రంధ్రముండును. దాని మీద మనకు తెలిసిన అంకె ఉండదు, జపాను అక్షరములే. రంగునుబట్టి గుర్తుంచుకొనవలెను. హోటలులో గాని, టాక్సీలో గాని బక్షీసు ఇచ్చు ఆచారము లేదు; ఇచ్చినచో మరచిపోయినారనుకొని వెంట పరుగెత్తి వచ్చి తిరిగి యిత్తురు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. అక్కడి చారులకును, కూరల పులుసులకును దాశి అను రసము ఆధారము. దానిని తరచుగా ఎండబెట్టిన చేప తురుముతో కాచుదురు. గిన్నెలో కూరగాయలే కనబడినను చేప కలిసియుండవచ్చును. మాంసము తినమని చెప్పుట చాలదు. చేప రసము కూడ కూడదని కాగితముపై జపాను భాషలో వ్రాయించి చూపవలెను. బౌద్ధ సన్న్యాసుల శోజిన్ వంట మాత్రము శాకములతోనే చేయుదురు.

ఇప్పుడు పని సంగతి. మొదటి దినమున టోకియోలో వ్యాపారశాఖవారు మమ్ము ఆదరముతో లోనికి తీసికొనిపోయిరి. పరిచయపు చీటీలను రెండు చేతులతో అందించిరి. వాటిని అట్లే రెండు చేతులతో పుచ్చుకొని, చదివి, బల్లపై ముందుంచుకొనవలెను. జేబులో కుక్కుట, వాటిమీద ఏదైన వ్రాయుట మర్యాద కాదు. అతిథికి తలుపునకు దూరముగానున్న ఆసనము చూపుదురు. వారు చూపిన చోటనే కూర్చుండవలెను. ఇవన్నియు మేము నేర్చుకొని పోయితిమి, ఒక్కటియు తప్పలేదు.

యంత్రము వెల కుదిరెను. అప్పుడు మేము, “మా దేశమున 230 వోల్టులు, 50 హెర్ట్జులు. యంత్రమును దానికి తగినట్లు మార్చి యిత్తురు గదా?” అని దుబాసీ ద్వారా అడిగితిమి. పెద్దాయన పండ్ల సందున గాలి పీల్చి, కొంతసేపు మౌనముగా నుండి, “ముజుకషీ దెసు నే” అనెను. “కష్టమండీ” అని దుబాసీ చెప్పెను. “కష్టమైనదే గాని మీవంటి నేర్పరులకు అసాధ్యమా!” అని మేము నవ్వితిమి. ఆయన కూడ నవ్వి, “హై, హై” అనెను. హై అనగా ఔనని మాకు తెలియును. ఆ రాత్రియే పని కుదిరినదని మా నిలయమునకు వార్త పంపితిమి.

మరునాడు ఒసాకాకు రైలులో పోతిమి. 1964 అక్టోబరు 1వ తేదీన ఆరంభమైన ఆ మార్గమున 515 కిలోమీటర్ల దూరము ఈనాడు సుమారు రెండున్నర గంటల ప్రయాణము. కర్మశాలలో ఒక వృద్ధుడైన పనివాడు యంత్రమును చూపెను. దుబాసీ అప్పుడు ప్రక్కగదిలో నుండెను. ఆ వృద్ధుడు మా వంక చూచి, టేపుచక్రమును వ్రేలితో మెల్లగా త్రిప్పుచు, గొంతు బాగుగా తగ్గించి నూతిలోనుండి మాటాడువానివలె ఏమో పలికెను. మాతో పరిహాసమాడుచున్నాడని తలచి మేము పెద్దగా నవ్వితిమి. ఆయన నవ్వలేదు.

ఆయన చెప్పినదేమో మాకు చాల ఆలస్యముగా అర్థమైనది. ఆ యంత్రపు మోటారు వేగము విద్యుత్తు హెర్ట్జులనుబట్టి నడచును. ఒసాకాలో 60 హెర్ట్జులకు అమర్చినదానిని మన 50 హెర్ట్జులకు తగిలించినచో వేగము ఆరవవంతు తగ్గును. పాట సాగును, ఆడవారి గొంతు మగగొంతగును. ఆ పెద్దమనిషి భాష లేకుండనే మాకు సర్వము చెప్పెను. మాకు వినుటకు తీరిక లేదు.

హై అను మాటకు ఔననియే అర్థము. కాని సంభాషణ నడుమ దానిని “వినుచున్నాను” అని చెప్పుటకు వాడుదురు, మనము ఊకొట్టినట్లు. ముజుకషీ అనగా కష్టమని నిఘంటువు చెప్పును. వ్యాపారపు బల్లవద్ద తరచు వీలుకాదని దాని భావము. ఎదుటివానిని నొప్పింపకుండ కాదనుట వారి పద్ధతి. ఇది మనకు క్రొత్తదా? పెళ్ళిచూపులకు వచ్చినవారు ఉప్మా తిని, కాఫీ త్రాగి, లేచి నిలుచుండి, “ఇంటికి వెళ్ళి కబురు చేస్తాము” అన్నచో, ఆ కబురు వచ్చునని ఏ ఆడపిల్ల తండ్రియైన ఎదురుచూచునా? చందా అడుగబోయినవానితో “చూద్దాంలెండి” అన్నచో అతడు రెండవమారు వచ్చునా? మన యింట పసివానికి తెలిసిన మర్మమును, పాసుపోర్టు చేతికి రాగానే మేము మరచితిమి.

ఇంకొక సంగతి కూడ తెలిసికొనవలసియుండెను. అక్కడ చాల సంస్థలలో నిర్ణయము బల్లవద్ద జరుగదు. చెట్టును పెకలించి వేరొకచోట నాటుటకు ముందు వేళ్ళచుట్టు మెల్లగా త్రవ్వి సిద్ధపరతురు. దానికి నెమవాషి అని పేరు. అట్లే ఒక ప్రతిపాదనను సంబంధించిన వారందరితో ముందుగా విడివిడిగా ముచ్చటించి, తరువాత కాగితమును చేతినుండి చేతికి త్రిప్పి ఆమోదము పొందుదురు. సమావేశము ఆ పనికి చివరి మెట్టు. మేము దానినే మొదటి మెట్టు చేసితిమి.

ఫలితము చెప్పెదము. నెలలు గడచినను ఒడంబడిక రాలేదు. మేము వ్రాసిన ప్రతి ఉత్తరమునకు మర్యాదతో కూడిన ప్రత్యుత్తరము వచ్చెను, యంత్రము రాలేదు. ఉగాది దాటిపోయెను. అప్పుడు దుబాసీ సలహాపై ప్రశ్నను మార్చి వ్రాసితిమి: “మార్చగలరా?” అని కాక, “ఈ యంత్రము మా విద్యుత్తుతో సరియైన వేగమున నడువవలెనన్న ఏమేమి కావలెను? ఎవరు చేయగలరు? ఎన్ని దినములు పట్టును?” అని. పది దినములలో జవాబు వచ్చెను. మోటారును మార్చుట వారి కర్మశాలలో సాధ్యము కాదు. కాని మన విద్యుత్తును 100 వోల్టులు, 60 హెర్ట్జులుగా మార్చు వేరొక పరికరమును జతపరుపవచ్చును. శ్రావణమాసమున రెండును చేరినవి. ఈలోగా ఒక నాటకపు టేపు పూర్తిగా పాడైపోయినది. దానిలోని చివరి అంకము ఇక ఎవ్వరికిని వినబడదు. ఈ నష్టమునకు మేమే బాధ్యులము.

కనుక పోవువారికి మా మనవి. అడుగదలచిన ప్రశ్నలను మూడు వారములు ముందుగా వ్రాసి పంపుడు. ఔను కాదు అను జవాబు వచ్చు ప్రశ్నలు వేయకుడు. దుబాసీని ఒక్క క్షణమైన వదలకుడు. చిన్న వాక్యములలో మాటాడి ఆగుడు. ఎదుటివారు మౌనముగా నున్నప్పుడు ఆ మౌనమును మీ మాటలతో నింపకుడు. ప్రతి రాత్రియు ఆ దినమున తేలినవి, తేలనివి వేరువేరుగా వ్రాసికొనుడు. తిరుగు ప్రయాణమునకు ముందు ఒక పూట ఏ పనియు పెట్టుకొనక ఖాళీగా నుంచుడు. మరల పోయి అడుగవలసినది తప్పక ఒకటి యుండును.

భాష రాదని భయపడనక్కరలేదు. జపాను మాటలు చాలవరకు మన తెలుగు మాటలవలెనే అచ్చుతో ముగియును. మనము బస్సు అన్నచో వారు బసు అందురు. మన హోటలు వారికి హోతెరు. వారి అక్షరముల వరుస కూడ బౌద్ధుల ద్వారా చేరిన సంస్కృత వర్ణక్రమమును అనుసరించినదే. నాలుగు మాటలు నేర్చి పలికినచో వారు ఎంతో సంతోషింతురు. కాని ఆ నాలుగు మాటలతో భాష వచ్చినదని మాత్రము తలపరాదు.

మిగిలిన టేపులను ఇప్పుడు ఒక్కొక్కటిగా ఎక్కించుచున్నాము. వేగము సరిగానున్నది. సిద్ధమైన నాటకముల దినములు, వేళలు ఈ పత్రికలోని కార్యక్రమముల పుటలలో ఎప్పటికప్పుడు ప్రకటింతుము.