దూరమందలి యుద్ధము – ఇంటియందలి ధర్మము



ఎక్కడో దూరదేశమున యుద్ధము జరుగుచు, పసిపిల్లలు సైతము ప్రాణములు కోల్పోవుచుండగా, మనము ఇక్కడ పండుగ చేసికొనవచ్చునా, పెండ్లి పందిరి వేయవచ్చునా, పిల్లలతో నవ్వుచు భోజనము చేయవచ్చునా అని కొందరు గృహస్థులు అడుగుచుందురు. మనది కాని యుద్ధము మనకేల అని మరికొందరందురు. మొదటివారిది దయ, అయినను ఆ దయకు హద్దు తెలియలేదు. రెండవవారిది నిబ్బరమువలె కనబడును గాని, అందులో దయ లేదు. గృహస్థునకు ఈ రెంటిలో ఏదియు తగదు. శాస్త్రము అతనికి మూడవ మార్గమును చూపినది.

ముందుగా ఒక మాట. దూరమందలి యుద్ధము మనది కాదనుట నిజము కాదు. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినప్పుడు, అచ్చట కూలినాలి చేసికొనుచున్న కడప, గోదావరి ప్రాంతముల వారెందరో చిక్కుపడిరి. సుమారు 1,70,000 మంది భారతీయులను విమానములలో స్వదేశమునకు చేర్చవలసివచ్చెను. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు, వైద్యవిద్యకై వెళ్ళిన మన తెలుగుబిడ్డలు భూగర్భగృహములలో తలదాచుకొనిరి. సుమారు 22,500 మంది భారతీయులు నాడు తిరిగివచ్చిరి. పొద్దుతిరుగుడు నూనె మనకు అధికముగా ఆ దేశమునుండియే వచ్చుచుండెను గావున, ఆ యుద్ధపు సెగ మన వంటింటి వరకు తాకినది.

యుద్ధమును దూరమునుండి వినుట యెట్టిదో మహాభారతము మనకు చూపినది. వ్యాసభగవానుడు ధృతరాష్ట్రునకు దివ్యదృష్టిని ప్రసాదించెదననగా, బంధువధను కన్నులతో చూడలేను, వినెదనని అతడు కోరెను. అంతట మహర్షి ఆ శక్తిని సంజయునకు అనుగ్రహించెను. ధృతరాష్ట్రుడు హస్తినాపురమున కూర్చుండి సర్వమును వినెను. భీష్ముడు పడెనని విని విలపించెను. ద్రోణుడు పడెనని విని మూర్ఛిల్లెను. తేరుకొని, పిమ్మట ఏమి జరిగెనని మరల అడిగెను. వినినదానిలో ఒక్క మాటయైనను అతనిచేత ఒక్క మంచిపని చేయింపలేదు. దోషము నీదే గదా అని సంజయుడు పలుమారులు చెప్పినను, అతడు దైవమునే నిందించెను. ఆ వినికిడి వలన లోకమునకు గాని, అతని యింటికి గాని మేలు కలుగలేదు.

కాని యుద్ధము ముగిసిన పిమ్మట స్త్రీపర్వమున అదే ధృతరాష్ట్రుడు ధర్మజుని ఒక గొప్ప మాట అడిగెను. తన వారెవ్వరును లేక రణభూమిలో పడియున్న అనాథుల దేహములకు యథావిధిగా సంస్కారము జరుగునా అని ఆ ప్రశ్న. ధర్మజుడు వెంటనే విదురుని, సంజయుని, ధౌమ్యుని మొదలగువారిని నియోగించి, నానాదేశములనుండి వచ్చి మరణించినవారికి సైతము దహనసంస్కారములు చేయించెను. అన్ని దినములు వినినను కలుగని ఫలము ఆ ఒక్క ప్రశ్నతో కలిగెను. వినిన వార్త ఒక కర్తవ్యముగా మారినప్పుడే అది దయ యనిపించుకొనును.

ఇక దుఃఖమునకు హద్దును గూర్చి. విదేశమందున్న సపిండుని మరణవార్త 10 దినములలోపల తెలిసినచో మిగిలిన దినములే ఆశౌచమనియు, 10 దినములు గడచిన పిమ్మట తెలిసినచో మూడు రాత్రులనియు, సంవత్సరము గడచినచో స్నానమాత్రముచే శుద్ధియనియు మనుస్మృతి చెప్పుచున్నది. సొంతవాని మరణమునకే ఇట్టి కొలత కలదు. నాందీముఖము జరిగి వివాహకర్మ ఆరంభమైన పిమ్మట ఆశౌచము వచ్చినను ఆ కర్మ ఆగదని కూడ ధర్మశాస్త్రమర్యాద. ఇది కఠినత్వము కాదు. ఇంట ముసలివారు, పసివారు గృహస్థుని నమ్ముకొనియున్నారు. అతడు కూలినచో వారిని నిలుపువారెవరు? కావున పండుగ చేయుట, పెండ్లి చేయుట పాపము కాదు.

మరి పరులయెడ దయకు చోటెక్కడ? అది గృహస్థుని నిత్యకర్మలోనే యున్నది. దేవయజ్ఞము, పితృయజ్ఞము, భూతయజ్ఞము, మనుష్యయజ్ఞము, బ్రహ్మయజ్ఞము అను పంచమహాయజ్ఞములను తైత్తిరీయారణ్యకము విధించినది. వైశ్వదేవానంతరము వేయు బలి మనకు పేరు తెలియని ప్రాణులకు. తర్పణమున బంధువులు కానివారికిని నీరు విడుచుట కలదు. ముందుగా అతిథులకు, పిమ్మట బాలురకు, వృద్ధులకు, రోగులకు, గర్భిణులకు పెట్టి, గృహస్థుడు శేషమును భుజింపవలెనని ఆపస్తంబుల మతము. ఇల్లు, లోకము అని రెండు త్రాసులు లేవు. ఇల్లు సరిగా నడచినప్పుడు లోకమునకు ఒక పాలు అందులోనే వేరుగా తీయబడియుండును.

దీనిని నేటి దినచర్యలో ఎట్లు పాటింపవలెనో చెప్పెదను. యుద్ధవార్తలను ఉదయమొకసారి, సాయంసంధ్య గడచిన పిమ్మట ఒకసారి తెలిసికొనిన చాలును. విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఆ మాట వలదు. ఫోనులో వచ్చిన ప్రతి చిత్రమును, ప్రతి కథను నిజమో కాదో తెలియక పదిమందికి పంపుట అసత్యమునకు తోడుపడుటయే. పిల్లలు అడిగినచో కొద్దిమాటలలో నిజము చెప్పవలెను. ఒక జాతినంతటిని ద్వేషింప నేర్పరాదు. పండుగనాడు రెండు పిండివంటలు తగ్గించి, ఆ సొమ్మును క్షతగాత్రులకు, నిరాశ్రయులకు సాయపడు నమ్మదగిన సంస్థకు పంపవలెను. సంకల్పములో వారి క్షేమమును కూడ కోరవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. యుద్ధము దూరమైనను, బిడ్డ అచ్చట చిక్కుకొనియున్న తల్లి మన వీధిలోనే యుండవచ్చును. ఆమె యింట పొయ్యి వెలిగినదో లేదో చూడుడు. మీ యింట వండిన దానిలో కొంత అచ్చటికి పంపుడు. వినిన వదంతులను ఆమె చెవిని వేయకుడు. అధికారులకు వ్రాయవలసిన కాగితములు వ్రాసిపెట్టుడు. ఊరక ప్రక్కన కూర్చుండినను మేలే.

ఆ తల్లికి కూడ ఒక మాట. అమ్మా, కన్నీరు దోషము కాదు. అయినను సంధ్యవేళ దీపము పెట్టుము. ఇంటనున్న తక్కిన బిడ్డలకు అన్నము పెట్టి, నీవును రెండు ముద్దలు తినుము. మనస్సు నిలువనప్పుడు చేతికి అలవాటైన కర్మయే దానిని నిలుపును. దూరమున నున్న బిడ్డ తిరిగివచ్చుటకు ఇల్లు ఇల్లుగా ఉండవలెను గదా! దానిని కాపాడుట కూడ ఆ బిడ్డకు చేయు సేవయే.

స్వస్తి.